క్లాపం రిజిస్టరులో ఒక్క వరుస



బైబిలు చదివేటప్పుడు మనలో చాలామందిమి గబగబా దాటేసే అధ్యాయాలు కొన్ని ఉన్నాయి. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం, నెహెమ్యా ఏడో అధ్యాయం, మత్తయి సువార్త మొదటి అధ్యాయం. అన్నీ పేర్లే, అందులోనూ నోరు తిరగని పేర్లు. కానీ ఎజ్రా, నెహెమ్యా రాసిన ఆ పట్టికల్లో ఒక సంగతి ఉంది. చెరనుండి తిరిగొచ్చిన వారిలో కొన్ని కుటుంబాలు తాము యాజక సంతతివారమని చెప్పుకున్నాయి. వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెదికించుకున్నాయి. దొరకలేదు. ఆ కారణంగా వారిని యాజకత్వం నుండి పక్కన పెట్టారు. పుస్తకంలో ఒక వరుస ఉంటే ఒక బతుకు, లేకపోతే ఇంకో బతుకు. అందుకే ఈ వారం పేర్ల పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. మన దేశానికి చాలా దూరంగా ఉన్నా, మనకు సంబంధం లేనిది కాని ఒక ఊరి పుస్తకాన్ని తెరిచి చూద్దాం.

ఆ ఊరి పేరు క్లాపం. లండన్ నగరానికి దక్షిణంగా, థేమ్స్ నదికి ఇవతల ఉంది. ఇప్పుడది మహానగరంలో కలిసిపోయిన ఒక పేట. రెండు వందల ఏళ్ల కిందట మాత్రం సర్రే జిల్లాలో ఒక గ్రామం. ఊరి మధ్య పెద్ద ఉమ్మడి బీడు, దాని చుట్టూ లండన్ వ్యాపారులు కట్టుకున్న పెద్ద ఇళ్లు, ఆ ఇళ్లలో పనివాళ్లు, తోటమాలులు, బండి తోలేవాళ్లు. ఆ బీడు మీదే 1776లో కట్టిన హోలీ ట్రినిటీ దేవాలయం నేటికీ ఉంది.

ఆ రోజుల్లో అక్కడ ఎవరెవరు ఉండేవారో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? ఇంగ్లాండులో దీనికి మంచి ఆధారం దేవాలయపు రిజిస్టరే. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో థామస్ క్రామ్‌వెల్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ప్రతి సంఘంలోనూ ఒక పుస్తకం పెట్టాలి. ఆ వారంలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ఆదివారంనాడు అందులో రాయాలి. ఆ పుస్తకాన్ని రెండు తాళాలున్న పెట్టెలో ఉంచాలి. ఒక తాళంచెవి పాదిరిగారి దగ్గర, ఇంకొకటి సంఘపెద్దల దగ్గర. ఒక్కరే తెరిచి మార్చేయడానికి వీల్లేదన్నమాట. 1598 తరువాత, చినిగిపోని తోలు కాగితం మీద రాయాలనీ, ఏటా ఒక నకలు బిషప్పుగారికి పంపాలనీ నియమం పెట్టారు. అందుకే కొన్నిచోట్ల అసలు పుస్తకం కాలిపోయినా, తడిసిపోయినా నకలు మిగిలింది.

1754 నుండి పెళ్లి రిజిస్టరులో వధూవరులిద్దరూ సంతకం పెట్టాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. రాయడం రానివారు ఇంటూ గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు చూస్తే, ఆ పెళ్లికూతురు ఏనాడూ బడి మెట్లు ఎక్కలేదేమో అనిపిస్తుంది. మధ్యలో 1783 నుండి 1794 వరకు రిజిస్టరులో రాసే ప్రతి పేరుకు మూడు పెన్నీల పన్ను ఉండేది. కటిక పేదలకు మినహాయింపు ఉన్నా, ఆ పన్నుకు జంకి పిల్లల బాప్తిస్మం వాయిదా వేసినవారు ఉన్నారు. కాబట్టి ఆ పదకొండేళ్లలో ఒక పేరు కనబడకపోతే ఆ బిడ్డ పుట్టనేలేదని అనుకోకూడదు. 1813 నుండి అచ్చువేసిన పుస్తకాలు వచ్చాయి. బాప్తిస్మం దగ్గర తండ్రి వృత్తి, నివాసం, సమాధి దగ్గర వయసు, నివాసం రాయడానికి గడులు ఏర్పడ్డాయి. 1837 జులై 1 నుండి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. 1841 జనాభా లెక్క నుండి ఇంటింటి పేర్లూ నిలిచాయి. అయితే ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదుల లెక్కకు తగ్గించి రాశారు. ముప్పై నాలుగేళ్లవాడు ముప్పై అయ్యాడు. పుట్టిన ఊరి పేరు స్పష్టంగా తెలియాలంటే 1851 లెక్క చూడాలి.

ఈ పుస్తకాలు వెదికేవారికి ఒక మెలకువ కావాలి. మనిషి బతికిన ఊరు, రిజిస్టరుకెక్కిన ఊరు ఒకటే కావాలని లేదు. మన దేశపు చదువుల గురించి 1835లో పెద్ద నివేదిక రాసిన మెకాలే దొర పేరు మీరు వినే ఉంటారు. ఆయన పెరిగింది క్లాపంలోనే. కానీ క్లాపం రిజిస్టరులో ఆయన పుట్టుక కోసం వెదికితే శ్రమ వృథా. 1800లో ఆయన పుట్టింది లెస్టర్‌షైర్‌లోని రాత్లీ టెంపుల్ అనే ఇంట్లో, మేనత్తగారింట్లో. పురుడు బంధువుల ఇంట పోసుకోవడం మనకు తెలియనిదేమీ కాదు కదా. అలాగే ఆ ఉమ్మడి బీడు సగం క్లాపం సంఘం కింద, మిగతాది పక్కనున్న బాటర్సీ సంఘం కింద ఉండేది. బీడుకు ఈ పక్కవారి కోసం ఒక పుస్తకం, ఆ పక్కవారి కోసం ఇంకొక పుస్తకం చూడాలి.

ధనికుల జాడ తీయడం తేలిక. వారికి రిజిస్టరు ఒక్కటే దిక్కు కాదు. ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు, జమాఖర్చులు, వీలునామాలు ఉంటాయి. బ్యాంకు యజమాని హెన్రీ థార్న్‌టన్ కుటుంబాన్నే చూడండి. బీడుకు పడమటి పక్కన బాటర్సీ రైజ్ అనే పెద్ద ఇంట్లో వారుండేవారు. విల్బర్‌ఫోర్సు కొన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లికి ముందు థార్న్‌టన్ తన ఆదాయంలో ఏడు భాగాలకు ఆరు భాగాలు దానధర్మాలకే ఇచ్చేవాడని ఆయన లెక్కల వల్ల తెలిసింది. 1815 జనవరిలో ఆయన, అదే ఏడాది అక్టోబరులో ఆయన భార్య చనిపోయారు. తొమ్మిదిమంది పిల్లలు తల్లిదండ్రులు లేనివారయ్యారు. పెద్ద కూతురు మేరియన్ ముసలితనంలో తన జ్ఞాపకాలు రాసిపెట్టింది. ఆమె తమ్ముడి వంశంలో కాక చెల్లెలి వంశంలో పుట్టిన మనవడు, నవలా రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్, ఆ కుటుంబ కాగితాలతో 1956లో ఆమె జీవిత చరిత్ర అచ్చువేశాడు. ఆ ఇల్లు 1907లోనే కూల్చేశారు. అయినా ఆ ఇంటి ముచ్చట్లు మనం ఈనాడు చదవగలుగుతున్నాం. ఇల్లు పోయినా కాగితం నిలిచింది.

ఇక కాగితం లేనివారి మాట. మనం ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వారే.

థార్న్‌టన్ పొరుగున జాకరీ మెకాలే అనే ఆయన ఉండేవాడు. మనం పైన చెప్పుకున్న మెకాలే దొర తండ్రి. పడమటి ఆఫ్రికా తీరంలోని సియెర్రా లియోన్‌లో విముక్తులైన బానిసల కోసం ఏర్పడిన వలసకు ఆయన గవర్నరుగా పనిచేశాడు. 1799లో తిరిగి వస్తూ పాతికమంది వరకు ఆఫ్రికా పిల్లల్ని ఇంగ్లాండుకు తీసుకొచ్చాడు. వారిలో కొందరు ఆ తీరప్రాంతపు నాయకుల బిడ్డలు. వారిని చదివించి, తిరిగి తమ దేశానికి బోధకులుగా, పనిమంతులుగా పంపాలన్నది ఉద్దేశం. వారి కోసం క్లాపంలో ఒక బడి పెట్టారు. యార్క్‌షైర్ నుండి వచ్చిన గ్రీవ్స్ అనే ఉపాధ్యాయుడు పాఠాలు చెప్పేవాడు. క్లాపం పాదిరి జాన్ వెన్ వారికి దేవుని వాక్యం నేర్పేవాడు. 1805లో వారిలో కొందరికి హోలీ ట్రినిటీలో బాప్తిస్మం ఇచ్చాడు.

కానీ ఆ చలి ఆ పిల్లలకు పడలేదు. జబ్బులు పట్టుకున్నాయి. ఒకరి తరువాత ఒకరు చాలామంది చనిపోయారు. బతికి తమ దేశం చేరినవారు కొద్దిమందే. కొన్నేళ్లకే ఆ బడి ముగిసింది. గ్రీవ్స్ అదే ఊళ్లో ఇంగ్లీషు పిల్లలకు బడి నడిపాడు. చిన్న మెకాలే చదువుకున్నది ఆ బడిలోనే.

ఆ పిల్లలు క్లాపంలో బతికారనడానికి ఆ ఊరి పుస్తకంలో మిగిలిన గుర్తు ఏమిటి? రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక్క వరుస. బాప్తిస్మం వరుస, లేదా సమాధి వరుస. 1813కు ముందు కాబట్టి గడులు లేవు. పాదిరిగారు ఎంత రాస్తే అంతే. సమాధి వరుసలో తల్లి పేరు తప్పక రాయాలన్న నియమం అప్పుడు లేదు. సముద్రం అవతల ఒక తల్లి తన బిడ్డ ఏ పడవలో తిరిగొస్తాడా అని ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది. ఆమె ఇంట్లో ఆ బిడ్డను పిలిచిన పేరు కావాలంటే క్లాపం పుస్తకం సరిపోదు. సియెర్రా లియోన్ కంపెనీ కాగితాలు వెదకాలి, జాకరీ మెకాలే రాసుకున్న దినచర్య తిరగేయాలి. ఆ దినచర్య నేడు అమెరికాలో, కాలిఫోర్నియాలోని హంటింగ్‌టన్ గ్రంథాలయంలో ఉంది. ఒక్క పిల్లవాడి జాడ కోసం మూడు ఖండాలు తిరగాలి.

ఆ క్లాపం పెద్దలు చెడ్డవారు కారు. బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో చట్టం వచ్చిందంటే వారి ఇరవై ఏళ్ల పోరాటం వల్లనే. జాకరీ మెకాలే రాత్రులు మేలుకుని లెక్కలు, సాక్ష్యాలు సమకూర్చి విల్బర్‌ఫోర్సు చేతికిచ్చేవాడు. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయనకు శిలాఫలకం ఉంది. అది ఆయనకు తగినదే. అయినా మంచి ఉద్దేశంతో చేసిన పనికి కూడా ఎవరో ఒకరు వెల చెల్లిస్తారు. ఇక్కడ వెల చెల్లించినది పిల్లలు. మంచివారి మంచితనం చెప్పుకునేటప్పుడు ఆ ఒక్క వరుసను కూడా చదివితేనే సాక్ష్యం పూర్తవుతుంది. దావీదు విజయాలు రాసిన గ్రంథమే ఊరియా పేరును కూడా రాసింది. మత్తయి వంశావళిలోనూ ఆ పేరు తీసేయలేదు.

ఇప్పుడు మనకున్న సంబంధం చూద్దాం. జాన్ వెన్ కుమారుడు హెన్రీ వెన్ 1796లో క్లాపంలోనే పుట్టాడు. ఆ ఆఫ్రికా పిల్లలకు తండ్రి బాప్తిస్మం ఇచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఆ బాలుడే పెద్దవాడై 1841లో చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శి అయ్యాడు. ఆ సొసైటీ 1799లో ఏర్పడినప్పుడు ఆ సభకు అధ్యక్షుడు అతని తండ్రే. అదే 1841లో ఆ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు యువకులు ఓడ ఎక్కి మన మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టాడు. మళ్లీ స్వదేశం వెళ్లకుండా 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఈనాటి నోబుల్ కళాశాల ఆయన పేరు మీదిదే. ఆ పనికి లండన్‌లో కూర్చుని ఉత్తరాలు రాసినవాడు క్లాపంలో పెరిగిన హెన్రీ వెన్.

ఆయన కాలమంతా చెప్పిన మాట ఒకటుంది. ఏ దేశపు సంఘం ఆ దేశపు మనుషులతోనే నడవాలి, తన ఖర్చు తానే భరించాలి, తన సువార్త తానే చెప్పాలి అని. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లోనే 1827లో ఆ సొసైటీ ఫోరా బే కళాశాల పెట్టింది. బానిస ఓడ నుండి విడిపించబడిన అజాయి క్రౌథర్ అనే యువకుడు అందులో మొదటి విద్యార్థి. 1864లో హెన్రీ వెన్ పట్టుదల వల్ల ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి ఆఫ్రికా బిషప్పు అయ్యాడు. ఆఫ్రికా గడ్డ మీదే బడి పెట్టి చదివిస్తే ఏమవుతుందో చూపడానికి ఆయన ఒక్కడు చాలు.

ప్రియులారా, మన చిన్న సంఘాల్లో కూడా రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మం పుస్తకం, పెళ్లి పుస్తకం, సమాధుల పుస్తకం. వాటిని పాదిరిగారి పని అని వదిలేయకండి. క్రామ్‌వెల్ నాటి రెండో తాళంచెవి పెద్దల చేతిలోనే ఉండేదని గుర్తుంచుకోండి. మీ పిల్లల పేరు రాయించేటప్పుడు ఇంటి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టిన ఊరు కూడా రాయించండి. ఫలానావారి భార్య అని రాస్తే వందేళ్ల తరువాత ఆమెను ఎవరు కనిపెడతారు? చనిపోయినవారి వయసు, చేసిన పని కూడా అడిగి రాయించండి. కూలిపనైనా సరే, రాయించండి. సంఘపు నకలు ఒకటి వేరే ఇంట్లో దాచండి. మన వైపు చెదలు, వరదలు కొత్తవి కావు.

ఈ ఆదివారం కూడికయ్యాక ఇంట్లో ఒక పని చేయండి. మీ బైబిలు మొదట్లో ఖాళీగా ఉన్న పేజీ తీయండి. మీ నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వారి పుట్టినూళ్లు రాయండి. గుర్తు లేకపోతే పక్కింటి పెద్దావిడను అడగండి. ఆమెకు ఇంకా గుర్తుంటుంది.

మీ కోసం ప్రార్థిస్తూ,
మీ పాస్టరుగారి కుటుంబం