తాకలిక్ అబాహ్: ఓల్మెక్ రాయి మీద మాయా ఉలి

గ్వాటెమాలా వెళ్ళే యాత్రికుల్లో చాలామంది టికాల్ గోపురాలు చూసి తిరిగివస్తారు. పసిఫిక్ వైపున, రెతాలులేఊ ప్రాంతంలో, ఎల్ అసింతాల్ అనే చిన్న పట్టణం దగ్గరున్న తాకలిక్ అబాహ్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. అక్కడ అడవిని దాటి ఆకాశంలోకి లేచే సున్నపురాతి శిఖరాలు ఉండవు. కాఫీ, రబ్బరు, చెరకు తోటల మధ్య పచ్చిక కప్పిన దిబ్బలు, వాటి ముందు నిలబెట్టిన రాళ్ళు కనిపిస్తాయి. అయినా మధ్య అమెరికా ప్రాచీన చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు మొదట చూడవలసింది ఈ చోటేనని నా నమ్మకం. ఓల్మెక్కుల పని, మాయాల పని పక్కపక్కనే, ఒక్కోసారి ఒకే రాతి మీద, ఇంత స్పష్టంగా కనబడే స్థలాలు అరుదు.

సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, కొండవాలును తొమ్మిది అంతస్తులుగా చదును చేసి, ఆరున్నర చదరపు కిలోమీటర్ల మేర ఈ నగరాన్ని కట్టారు. మట్టిని దిమ్మెలుగా పోసి, పైన నదుల్లో దొరికే గుండ్రాళ్ళు పేర్చారు. వానలు విపరీతంగా కురిసే చోటు కాబట్టి నీరు పోవడానికి రాతి కాలువలు కట్టారు. మెక్సికోలోని తెవాంతెపెక్ నుంచి ఇప్పటి ఎల్ సాల్వడార్ దాకా సాగిన వర్తకమార్గం ఇటుగానే పోయేది. కోకో గింజలు, పచ్చ జేడ్ రాయి, కత్తులకు పనికొచ్చే అగ్నిపర్వతపు నల్లగాజు ఈ దారిలో చేతులు మారేవి. సరుకుతోపాటు శిల్పరీతులూ, కాలగణన పద్ధతులూ ప్రయాణించాయి.

అసలు ఓల్మెక్కులు ఎవరన్న ప్రశ్నే ఆలస్యంగా పుట్టింది. 1862లో మెక్సికో గల్ఫ్ తీరాన, త్రెస్ సపోతెస్ దగ్గర, హోసె మారియా మెల్గార్ ఒక భారీ రాతి తలను చూశాడు. దాని వెనక ఒక నాగరికత ఉందని తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1939లో మాథ్యూ స్టిర్లింగ్ బృందానికి అక్కడే ఒక విరిగిన శిలాఫలకం దొరికింది. తేదీలో మొదటి అంకె ఉండవలసిన పైముక్క లేదు. ఆ అంకె ఏడై ఉండాలని లెక్కగట్టింది స్టిర్లింగ్ భార్య మరియన్. అంటే క్రీ.పూ. 32. మాయా పండితుల్లో పెద్దదిక్కైన ఎరిక్ థాంప్సన్ అంత పాత తేదీని ఒప్పుకోలేదు. 1942లో అల్ఫోన్సో కాసో మాత్రం ఓల్మెక్ సంస్కృతే మిగతా వాటికి తల్లి అన్నాడు. 1957లో గల్ఫ్ తీరపు మరో ఓల్మెక్ స్థలమైన లా వెంతా రేడియోకార్బన్ ఫలితాలు ఓల్మెక్కుల ప్రాచీనతను నిర్ధారించాయి. 1969లో ఆ పైముక్క కూడా దొరికింది. దాని మీద ఉన్న అంకె ఏడే.

తాకలిక్ అబాహ్ కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1888లో గుస్తావ్ బ్రూల్, 1894లో కార్ల్ సాపర్ ఇక్కడి శిల్పాల గురించి రాశారు. 1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ నుంచి జాన్ గ్రాహం బృందం వచ్చి తవ్వకాలు మొదలుపెట్టింది. 1987 నుంచి ఆ పని గ్వాటెమాలా ప్రభుత్వ పురావస్తు శాఖ చేతికి వచ్చింది. మిగెల్ ఒర్రెగో, క్రిస్టా షీబెర్ దశాబ్దాలపాటు దానికే అంకితమయ్యారు. ఇప్పటిదాకా బయటపడిన రాతి శిల్పాలు, ఫలకాలు, పీఠాలు కలిపి 300 పైమాటే.

వాటిలో రెంటి ముందు తీరిగ్గా నిలబడాలి. మొదటిది 5వ శిలాఫలకం. ఇద్దరు ప్రభువులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. కుడివైపు వ్యక్తి చేతిలో పాము, ఎడమవైపు వ్యక్తి చేతిలో బహుశా జాగ్వార్. మధ్యలో గీతలూ చుక్కలతో రాసిన రెండు తేదీలు. రెండోది క్రీ.శ. 126. పాలన ఒకరి నుంచి మరొకరికి అందిన సందర్భమని పండితులు అంటారు. మాయాలంటే ఉత్తరాది పెతెన్ అడవులే గుర్తుకొస్తాయిగానీ, ఈ దక్షిణపు వాలు మీద అప్పటికే రాజులు తేదీ వేసి తమను చెక్కించుకుంటున్నారు.

రెండోది 23వ శిల్పం. 1.84 మీటర్ల ఎత్తున్న ఆండెసైట్ బండ. గల్ఫ్ తీరపు భారీ తలలకు ఉన్నట్టే దీనికీ వీపు చదునుగా ఉంటుంది. మొదట ఇది ఓల్మెక్ తల అయి ఉంటుందనీ, తర్వాత ఎవరో ముఖభాగాన్ని తొలిచి గూడు చేసి, అందులో మనిషి బొమ్మ వచ్చేలా చెక్కారనీ పరిశోధకుల అంచనా. అదే నిజమైతే ఓల్మెక్ స్వస్థలానికి బయట దొరికిన భారీ తల ఇదొక్కటే. పాత దొర ముఖం పోయింది, రాయి మాత్రం పనికొచ్చింది. ద్వేషంతో చేశారో, ఆ రాతిలోని మహిమ తమకూ దక్కాలని చేశారో చెప్పే రాత లేదు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. కోపంతో పగలగొట్టేవాడు ఇంత ఓపికగా గూడు తొలవడు.

పాతదాన్ని తుడిచేయకుండా కలుపుకుపోయారన్న ఈ ఆలోచనకు, ఇక్కడ దొరికినట్టు 2012లో ప్రకటించిన సమాధి బలమిచ్చింది. క్రీ.పూ. 700–400 మధ్య కాలానిదని లెక్కగట్టిన ఆ సమాధిలో జేడ్ హారం దొరికింది. దానికి రాబందు తలతో మనిషి రూపంలో ఉన్న పతకం. అందుకే ఆ ప్రభువుకు మామ్ అనే మాయా భాషలో కుట్జ్ చ్‌మాన్, అంటే రాబందు తాత, అని పేరు పెట్టారు. ఓల్మెక్ పద్ధతి నుంచి మాయా పద్ధతికి మళ్ళడం ఈయన కాలంలోనే మెల్లగా మొదలైందని ఒర్రెగో అభిప్రాయం. ఓల్మెక్కులు ఒకనాడు అంతరించారు, మాయాలు మరునాడు వెలిశారు అన్న పాఠ్యపుస్తకాల కథ ఇక్కడ నిలవదు. ఊరు అదే, జనం ఉన్నారు, అలవాట్లు తరాల మీదుగా మారాయి.

తర్వాత దెబ్బలు తగలకపోలేదు. మాయా చరిత్రలో తొలి క్లాసిక్ అని పిలిచే యుగంలో చాలా శిల్పాలను విరగ్గొట్టారు. కొన్ని శతాబ్దాల తర్వాత అక్కడివాళ్ళే ఆ ముక్కలను తిరిగి నిలబెట్టారు. 12వ కట్టడానికి ఇరువైపులా ఉన్న వరసలు చూస్తే, వేర్వేరు కాలాల రాళ్ళను కలిపి పెట్టిన తీరు తెలుస్తుంది. పడమటి వరసలో కప్ప ఆకారపు శిల్పమూ ఉంది. క్రీ.శ. పదో శతాబ్దం దాకా ఇక్కడ జనం ఉన్నారు.

2023లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మాయా పూజారులు ఇప్పటికీ ఇక్కడ నిప్పు వేసి క్రతువులు చేస్తారు. రాళ్ళు ఉన్నచోటే ఉండడం ఎంత విలువైనదో లా వెంతాతో పోలిస్తే తెలుస్తుంది. అక్కడ చమురు పనులు ముంచుకొచ్చినప్పుడు కవి కార్లోస్ పెయిసెర్ అక్కడి శిల్పాలను విల్యెర్మోసా నగరానికి తరలించి, 1958లో ఉద్యానవనంగా తెరిచాడు. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, ఆ రాళ్ళు దక్కింది ఆయనవల్లే. కానీ తాకలిక్ అబాహ్‌లో చాలా రాళ్ళు, చివరిసారి వాటిని నిలబెట్టినవాళ్ళు ఎంచుకున్న చోటే ఉన్నాయి. ఏ రాయి ముందు ఏ పీఠం ఉంది, ఏది ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నది ఇప్పటికీ చదవవచ్చు. స్థలంలో పెద్ద భాగం ప్రైవేటు తోటల కిందే ఉంది. ఆ యజమానుల సహకారంతో తవ్వకాలు ఇంకా సాగవలసే ఉన్నాయి.