గోలెంలో పెరిగే జ్వరం

సెప్టెంబర్ నెల, శుక్రవారం పొద్దున. గద్వాల కోటకు దగ్గర్లో ఒక నేత వాడలో మీరు నడుస్తున్నారు. రాత్రి పడ్డ వానకు సందులు ఇంకా తడిగానే ఉన్నాయి. ముందు నడుస్తున్న ఆశా కార్యకర్త ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో టార్చిలైటు పట్టుకుంది. శుక్రవారమంటే డ్రై డే. ఇంటింటికీ పోయి నిలవ నీళ్లు చూసే రోజు.

మొదటి ఇంట్లో మగ్గం అప్పటికే ఆడుతోంది. గుంట మగ్గం కాబట్టి నేతన్న కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద ఉన్నాయి. పైన నూలు చీరకు పట్టు అంచు కలుస్తోంది. ఆశా కార్యకర్త గుంటలోకి టార్చి వేయగానే చీకట్లోంచి నాలుగైదు దోమలు లేచాయి. ఒకటి వచ్చి ఆయన మడమ మీద వాలింది. వంగి చూడండి. నల్లటి ఒళ్లు, కాళ్లకు తెల్లటి పట్టీలు, వీపు మీద రెండు వైపులా వంపు తిరిగిన తెల్ల గీతలు. ఇది ఈడిస్ ఈజిప్టై, డెంగీ దోమ. నేతన్నకు రెండు చేతులూ ఖాళీ లేవు, కొట్టలేడు. కాలు కదిపాడు. దోమ లేచి, పక్కన కండెలు చుడుతున్న ఆయన భార్య చేతి మీద వాలింది. ఒక్క దోమ ఇంట్లో నలుగురికి జ్వరం అంటించేది ఇలాగే. ఇది పగటి దోమ. పొద్దున, మళ్లీ సాయంత్రం చీకటి పడకముందు ఎక్కువగా కుడుతుంది. రాత్రి కట్టుకునే దోమతెర దీన్ని ఆపలేదు.

పెరట్లో సిమెంటు గోలెం ఉంది. ఆశా కార్యకర్త తెల్ల మగ్గు ముంచి, వెలుతురులో పట్టి చూపించింది. నీటి పైపొరకు తోక ఆనించి, తలకిందులుగా వేలాడుతున్నాయి లార్వాలు. మీ తల నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. కాసేపట్లో గాలి కోసం మళ్లీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి.

“పెద్దమ్మా, ఈ నీళ్లు ఎప్పుడు పట్టినవి?”

“యాదికి లేదు బిడ్డా. నల్లా వచ్చినప్పుడల్లా మీదికెల్లి నింపుతనే ఉంట.”

“అడుగు నీళ్లు అట్లనే ఉంటున్నయి గద. పారబొయ్యాలె.”

“పారబోస్తే మల్ల నల్లా వచ్చేదాక ఏం వాడాలె?”

ఆశా కార్యకర్త వాదించలేదు. మంచి నీళ్లను బట్టలో వడగట్టి బకెట్లకు పట్టించింది. అడుగు నీళ్లు జామచెట్టుకు పోయించింది. తర్వాత కొబ్బరి పీచు తీసుకుని గోలెం లోపలి గోడను తానే రుద్దడం మొదలుపెట్టింది. అసలు పని ఇదే. ఈ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన తడి గోడ మీద. నీళ్లు ఎండినా ఆ నల్లటి గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటాయి. మళ్లీ గోలెం నిండగానే పగులుతాయి. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి గోలెం ఖాళీ చేయడం ఎంత ముఖ్యమో, గోడ రుద్దడం అంతే ముఖ్యం.

ఈ దోమ పుట్టిల్లు మన గడ్డ కాదు, ఆఫ్రికా. అక్కడ అడవిలో చెట్టు తొర్రల నీళ్లలో పెరిగేది. మనుషులు కుండల్లో, పీపాల్లో నీళ్లు దాచుకోవడం మొదలుపెట్టాక ఊళ్లలోకి వచ్చింది. బానిసలను మోసిన ఓడల్లో అమెరికా ఖండాలకు చేరింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక, ఆసియా రేవులకు రావడం దానికి ఇంకా సులువైంది. రేవుల నుంచి రైలు, రోడ్డు, నీళ్ల డ్రమ్ము దాన్ని లోపలి ఊళ్లకు తెచ్చాయి. దాని వెంట రోగాలూ వచ్చాయి. 1965 నాటికే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి చికున్‌గున్యాను చూశాయి. 1973 తర్వాత దేశంలో పెద్దగా కనబడని ఆ జ్వరం, హిందూ మహాసముద్రపు దీవులను చుట్టి, 2005 చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ బయటపడింది. 2006లో దేశమంతటా దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. రెక్కల కష్టం మీద బతికేవాళ్లు కీళ్లు పట్టేసి నెలల తరబడి కూలి పోగొట్టుకున్నారు.

గద్వాల నుంచి బయలుదేరి, ఎర్రవల్లి చౌరస్తాలో 44వ జాతీయ రహదారి ఎక్కండి. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటితే వనపర్తి జిల్లా. పెబ్బేరు దగ్గర పంక్చర్ షాపు ముందు ఆగండి. పాత టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకదాన్ని వంచితే లోపలి మడతలోంచి గ్లాసెడు వాన నీళ్లు కారాయి, వాటితో పాటు లార్వాలు. ఆసియా పులిదోమ, ఈడిస్ ఆల్బోపిక్టస్, ప్రపంచం చుట్టింది ఎక్కువగా ఇలాంటి టైర్లలోనే. 1979లో అల్బేనియాలో, 1985లో అమెరికాలోని టెక్సాస్‌లో, 1990లో ఇటలీలో దాన్ని గుర్తించారు.

మన దోమలూ ఇలాగే పరాయి దేశాలకు పోతున్నాయి. మన పట్టణాల్లో మిద్దె మీది ట్యాంకుల్లో పెరిగి మలేరియా అంటించే అనాఫిలిస్ స్టీఫెన్సీని 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనుగొన్నారు. ఆ ఏడాది ఆ చిన్న దేశంలో 27 మలేరియా కేసులుంటే, 2020 నాటికి 73 వేలు దాటాయి. అటు పోయిన దోమకూ ఇటు వచ్చిన దోమకూ ఆశ్రయమిచ్చింది మనిషి దాచుకున్న నీళ్లే.

సాయంత్రం నాగర్‌కర్నూల్ ఆసుపత్రి. జ్వరాల వార్డులో ఇంకా చీకటి పడకముందే ఒక మంచానికి దోమతెర కట్టి ఉంది. లోపల పడుకున్న పిల్లవాడి నెత్తురులో ఇప్పుడు డెంగీ వైరస్ ఉంది. అతన్ని కుట్టిన దోమ, ఎనిమిది నుంచి పన్నెండు రోజుల తర్వాత ఎవరిని కుట్టినా జ్వరం అంటించగలదు. ఆ తెర పక్కమంచాల వాళ్ల కోసం కూడా.

పిల్లవాడికి నాలుగో రోజు జ్వరం దిగింది. “ఇగ ఇంటికి తోల్కపోతం సార్” అంటోంది తల్లి. డాక్టరు వద్దంటున్నాడు. డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది జ్వరం దిగినప్పుడే. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. బీపీ పడిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా గంట కూడా ఆగకూడదు. బయట చుట్టాలు మాత్రం ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతున్నారు. ఆ ఒక్క అంకె చూసి భయపడి అప్పు చేసి ఎక్కించాల్సిన అవసరం చాలామందికి ఉండదు. ప్రాణం నిలిపేది సమయానికి, కొలత ప్రకారం ఇచ్చే ద్రవాలు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ వాడకూడదు. వాడితే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

బయట వీధిలో ఫాగింగ్ యంత్రం మోత. పిల్లలు పొగ వెంట పరుగెత్తుతున్నారు. పెద్దవాళ్లు, మున్సిపాలిటీ పని చేస్తోందని తృప్తిగా చూస్తున్నారు. ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమే. మంచం కింద, బట్టల వెనక దాక్కున్నది చాలావరకు బతుకుతుంది. గోలెంలోని లార్వాకు, గోడ మీది గుడ్డుకు ఆ పొగ అసలు తగలదు. కేసులు ఎక్కువగా వచ్చిన వాడలో ఫాగింగ్ చేయాల్సిందే. అయితే దాన్నే దోమల నివారణ అనుకుంటే, వారం తిరక్కముందే కొత్త దోమలు బయలుదేరతాయి.

గద్వాల పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆశా కార్యకర్త చేతిలో లేదు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లు నీళ్లు దాచుకోక తప్పదు. దాచుకున్నందుకు ఆ ఇంటిని తప్పుపట్టడం అన్యాయం. నల్లా బిగించడం ఒక పని, చెప్పిన వేళకు రోజూ నీళ్లు వదలడం ఇంకో పని. ఆ రెండో పనిని కూడా దోమల నివారణ కిందే లెక్కగట్టాలి. వార్డు కౌన్సిలర్ వచ్చినప్పుడు ఫాగింగ్ ఎప్పుడని అడిగే మనం, నీళ్లు రోజూ ఎప్పటినుంచి వస్తాయని కూడా అంతే గట్టిగా అడగాలి. అప్పటిదాకా గోలేనికి మూత పెట్టడం, శుక్రవారం శుక్రవారం పీచుతో గోడ రుద్దడం మన వంతు.