అలంకార గడ్డి (సబ్బవరం పెరటి తోటలు)

పచ్చికలా కత్తిరించి పరచకుండా, దుబ్బుగా ఎదగనిచ్చి ఆకు అందం కోసం పెంచే గడ్డి జాతులివి. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన సబ్బవరంలో ఎండనూ తుపాను గాలినీ తట్టుకునే మొక్క కావాలి. అందుకు వట్టివేరును మించినది లేదు.

దీని శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియాయిడిస్. ఆకులు నిటారుగా దాదాపు మనిషెత్తు పెరిగి కొసల్లో వంగుతాయి. అంచులు గరుకు కనుక దుబ్బు విడదీసేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి. వేళ్ళు పక్కలకు పాకకుండా 3 మీటర్ల దాకా నిలువునా దిగుతాయి. గట్టున వరుసగా నాటితే మట్టి కోత ఆగుతుంది, పక్క మొక్కలకూ ఇబ్బంది ఉండదు.

తొలకరి పడ్డాక పిలకలను వేరుతో చీల్చి, ఆకును జానెడు ఉంచి కోసి నాటాలి. గట్టు మీదైతే 15 సెంటీమీటర్లు, విడి దుబ్బులకు మీటరు ఎడం చాలు. వేరు పట్టేదాకా నీరు తప్పనిసరి. నీడలో మాత్రం దుబ్బు కట్టదు. ఎండుటాకు పేరుకుంటే మోకాలి ఎత్తుకు కోసేయాలి, వారాల్లోనే కొత్త ఆకు వస్తుంది. ఏడాదిన్నరకు తవ్విన వేళ్ళు వేసవి తడికలకూ, కుండనీళ్ళకూ కమ్మని వాసననిస్తాయి.

కుండీకి నిమ్మగడ్డి మేలు. నర్సరీల్లో దొరికే ఆఫ్రికా ఫౌంటెన్ గడ్డి కంకులు ముచ్చటగానే ఉంటాయి గానీ, గింజ గాలికి ఎగిరి హవాయిలో కలుపుగా మారింది. పెంచేవారు కంకులను గింజ పట్టకముందే కోసేయాలి.