ఏ ఈగ కూర్చిన తేనె?

అంగడిలో అమ్ము సీసాపై తరచుగా తేనె యను ఒక్క మాటయే కానవచ్చును. మన పూర్వులకు ఆ ఒక్క మాట చాలలేదు. ఏ ఈగ కూర్చిన తేనె యని వారు ముందుగా అడిగెడివారు. ఆ ప్రశ్న యెట్లు పుట్టెనో, యెట్లు మరుగున పడెనో మేమిక్కడ కొంత ముచ్చటింప దలచితిమి.

చరకసంహిత తేనెను నాలుగు విధములుగా విభజించినది: మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము. ఇవి యన్నియు ఈగల జాతులను బట్టి వచ్చిన పేర్లు. ఒక్కటియు పూవు పేరు కాదు. మాక్షికము నూనె వన్నెదనియు, పౌత్తికము నేతి వన్నెదనియు, క్షౌద్రము కపిలవర్ణమనియు, భ్రామరము తెల్లనిదనియు గుర్తులు చెప్పి, వీనిలో మాక్షికమే మేలైనదని తీర్పు చెప్పినది. సుశ్రుతసంహిత ఛాత్రము, ఆర్ఘ్యము, ఔద్దాలకము, దాలము అను నాల్గింటిని చేర్చి లెక్కను ఎనిమిదికి పెంచినది; క్రొత్త తేనెకును ప్రాత తేనెకును గుణభేదమును గూడ చెప్పినది. ఇంతకును 'మధు' శబ్దము తేనె యొక్కదాని సొత్తు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము కోష్ఠాగారమునందలి సరకులను చెప్పుచు తేనెను, ద్రాక్షరసమును గూడ మధువనియే పేర్కొన్నది.

ఈ యెనిమిదింటిలో మమ్ము మిక్కిలి ఆకర్షించునది ఔద్దాలకము. పుట్టలలో నివసించు కపిలవర్ణపు చిన్న పురుగులు కూర్చునది ఇది యని పదునారవ శతాబ్దమునాటి భావప్రకాశము వివరించినది. ఈ వర్ణన విన్న తెలుగు పల్లెవాసి 'పుట్ట తేనె' యని తడుముకొనక చెప్పును. పుట్ట తేనె, తొర్ర తేనె, జుంటి తేనె, కొండ తేనె యని మనవారు పెట్టుకొన్న పేర్లన్నియు ఈగను, దాని నివాసమును చూచి పెట్టినవే. శ్లోకములు విని పల్లెవారు నేర్చిరో, పల్లెవారి మాట విని వైద్యులు శ్లోకములు వ్రాసిరో! మా మనస్సు రెండవ పక్షమునకే మొగ్గుచున్నది. చెట్టెక్కినవానికి గదా పెర సంగతి తెలియునది.

పిమ్మట ఐరోపా శాస్త్రజ్ఞులు వచ్చిరి. డెన్మార్కు దేశీయుడైన ఫాబ్రీషియస్ 1787లో మన చిన్న ఈగకును, 1793లో పెద్ద కొండ ఈగకును లాటిను పేర్లు పెట్టెను. కొండ ఈగ ఎత్తైన కొమ్మకో, రాతి చరియకో ఆరుబయట ఒకే పెద్ద పెర పెట్టును. మంచి పెర నుండి ముప్పది కిలోల వరకు తేనె దిగును. అది కోపిష్ఠి. చిన్న ఈగ పొదలలో అరచేయి యంత పెర పెట్టును. దాని తేనె కిలోకు లోపే. ఈ రెండును పెట్టెలో ఇమిడెడివి కావు. తొర్రలలోను, పుట్టలలోను చీకటిలో వరుసగా పెరలు పేర్చుకొను మూడవ ఈగ మాత్రము పెంపకమునకు లొంగును. తరువాతి చరిత్ర యంతయు ఈ గుణముపై ఆధారపడినది.

అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో ఒక చిన్న సంగతి గ్రహించెను. పెరకును పెరకును నడుమ ఈగ నడచుటకు సరిపడు సందు విడిచినచో, ఆ సందును ఈగలు మైనముతో పూడ్చవు. అందుచేత చట్రములను విడివిడిగా పైకి తీయవచ్చును. 1865లో ఫ్రాంజ్ హ్రుష్కా పెరను గిరగిర త్రిప్పి తేనె తీయు యంత్రమును ప్రకటించెను. అంతకు పూర్వము పెరను పిండుటయే. పుప్పొడి, మైనము, ఒక్కొక్కప్పుడు పిల్ల పురుగులు గూడ అందులో కలిసెడివి. మన దేశపు ఈగకు తగిన చిన్న పెట్టెను 1910 ప్రాంతమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు రూపొందించెను. ఆ పెట్టె నేటికిని ఆయన పేరుతోనే చెలామణి యగుచున్నది.

పెట్టె వచ్చినంతనే తేనెకు క్రొత్త పేర్లు వచ్చినవి. పెట్టెను పూల చెంతకు మోసికొని పోవచ్చును గదా! అరకు లోయలో పచ్చని వలిసె పూల చేల నడుమ పెట్టినచో వలిసె తేనె. ఉత్తర దేశమున ఆవ పూల తేనె. ఈ ఆవ తేనె చలికి త్వరగా గడ్డకట్టును. చక్కెర కలిపిరని కొందరు దానిని పారబోయుదురు గాని, అది ద్రాక్షచక్కెర పలుకు కట్టుటయే. పూవు పేరును గూడ గ్రుడ్డిగా నమ్మరాదు: కేరళలోని రబ్బరు తేనె రబ్బరు పూవుది కాదు, లేత ఆకుల కాడలపై గ్రంథులు స్రవించు తీపి నీటిది.

1962లో నగ్రోటా వద్ద ఇటలీ జాతి ఈగ మన దేశమున నిలద్రొక్కుకొనెను. నేడు ఆ ఊరు హిమాచలప్రదేశములో నున్నది. అప్పటికిని దక్షిణమున మన ఈగయే పెట్టెలలో నుండెడిది. 1991, 92 సంవత్సరములలో ఒక వైరసు తెగులు వచ్చి దాని పిల్లలను గూటిలోనే చంపెను. పెట్టెలు వేలకొలది ఖాళీ యయ్యెను. కుటుంబములు జీవనోపాధి కోల్పోయెను. ఆ పిమ్మటనే దక్షిణాదిని గూడ విదేశపు ఈగ వ్యాపించెను. ఇప్పుడు వ్యాపారమునకు వచ్చు పెట్టె తేనెలో అధికభాగము దానిదే. అయినను సీసాపై ఆ మాట సాధారణముగా ఉండదు. 2020లో ఢిల్లీలోని ఒక పర్యావరణ సంస్థ 13 కంపెనీల తేనెలను పరీక్షింపజేయగా మూడు మాత్రమే అన్ని పరీక్షలకు నిలిచినవని ప్రకటించెను. కొన్ని కంపెనీలు దానిని త్రోసిపుచ్చినవి. ఏ ఈగదను ప్రశ్న పోయి, అసలు ఈగదేనా యను ప్రశ్న వచ్చినది.

నల్లమలలో చెంచులకు ఈ సందేహము లేదు. కొండ తేనెకై వారు తాడు కట్టుకొని రాతి చరియ వెంట దిగుదురు. పొగ పెట్టి ఈగలను తొలగింతురు. పైన తాడు పట్టువాడు భార్య తోబుట్టువై యుండుట ఆచారమని చెప్పుదురు. తన అక్కచెల్లెండ్ర పసుపుకుంకుమలను తలచియైనను ఆ బావమరిది తాడు వదలడని వారి నమ్మకము.