పాటను దాచుకొనుట

ఇటీవల విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఒక గుడ్డసంచితో మా కార్యాలయమునకు వచ్చిరి. సంచిలో వారి తండ్రిగారి నాటి గ్రామఫోను రికార్డులు ఎనిమిది, ముప్పదికి పైగ క్యాసెట్లు, కొన్ని కాంపాక్టు డిస్కులు, అరచేతిలో ఇమిడెడి హార్డుడిస్కు ఒకటి ఉన్నవి. ముందు చెప్పిన వానిలోని పాటలన్నిటిని వారి కుమారుడు ఆ హార్డుడిస్కులో చేర్చి ఇచ్చెనట. అది బల్లపై నుండి జారిపడినది. నాటినుండి టిక్కుటిక్కుమనుటయే గాని పాట పలుకుట లేదు.

"చూడండి బాబూ, మా నాయనగారి రికార్డులు డెబ్బది ఏండ్లనుండి పాడుచున్నవి. ఈ పెట్టె నాలుగేండ్లకే మూగపోయినది. ఇంతకు దేనిని నమ్మవలెను?" అని వారడిగిరి. తడుముకొనకుండ చెప్పదగిన సమాధానము మావద్ద లేకపోయెను.

ఈ ప్రశ్న యంత్రములతో పుట్టినది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుడు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున ఒక చిన్న అరలో భద్రపరచెను. దానినే సంకీర్తన భాండారమనిరి. ఆ కాలమున అంతకంటె గట్టి నిర్ణయము చేయుట సాధ్యము కాదు. తాటాకును చెదలు తినును, రాగిని తినదు. రేకులు 1920ల ప్రాంతమున వెలికివచ్చినపుడు సాహిత్యము నిలిచియున్నది, ప్రతి పాటకు రాగము పేరును ఉన్నది. పాడెడి వరుస మాత్రము చాలవరకు పోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు పెక్కు కీర్తనములకు మరల స్వరరచన చేయవలసివచ్చెను. దాచిన వస్తువు చెడలేదు, దాచిన రూపములో పాట అంతయు పట్టలేదు. ఈ రెండు చిక్కులను వేరువేరుగ చూడవలెను.

ధ్వనినే పట్టి ఉంచు విద్య 1877లో ఎడిసనుతో మొదలైనది. ఆయన స్తంభముపై చుట్టిన తగరపు రేకు కొద్దిమారులు వినునంతలోనే అరిగిపోయెడిది. తరువాత మైనపు స్తంభములు వచ్చినవి. 1887లో ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు రికార్డుకు పేటెంటు పొందెను. దాని గొప్పతనము ధ్వనిలోకన్న సౌకర్యములోనే ఎక్కువగ ఉన్నదని మా అభిప్రాయము. ఒక అచ్చునుండి వేలకొలది ప్రతులు తీయవచ్చును, పుస్తకములవలె వరుసగ నిలుపవచ్చును, నడుమ కాగితమంటించి పాడినవారి పేరు వ్రాయవచ్చును.

పేరనగానే గౌహర్ జాన్ గుర్తుకు వచ్చును. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఆమె పాటలను గ్రామఫోను కంపెనీకై రికార్డు చేసెను. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పెడిది. ముద్రణమునకు మూలములు జర్మనీలోని హానోవరు నగరమునకు పోవలసియుండెను. అచటి పనివారు ఏ పాట ఎవరిదో తెలిసికొనుటకు ఈ ఏర్పాటని చెప్పుదురు. పాటకు ముందు వెనుకల పేర్లు ప్రకటించుటయే వృత్తిగాగల మాకు ఈ సంగతి మిక్కిలి ప్రీతికరము! కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో ముద్రణాలయమును స్థాపించిన పిదప మన రికార్డులు సముద్రము దాటవలసిన పని తప్పినది.

ఆ రికార్డులకు ముఖ్యద్రవ్యము లక్క. మన మోదుగ, కుసుమ వృక్షములపై పెరుగు లక్కపురుగు ఇచ్చిన సరకు ప్రపంచపు సంగీతమునంతటిని మోసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము లక్క వాడుకను కట్టడి చేయగా పాత రికార్డులను సేకరించి నలుగగొట్టి కొత్తవి చేసిరి. ఒక పాట బ్రతుకుటకు మరియొక పాట పొడియైనదన్నమాట. పదంగుళముల రికార్డు ఒక వైపున మూడు నిమిషములకు కొంచెము పైగ పాడును. కనుక మన పౌరాణిక నాటకములవంటివి పలు రికార్డుల సెట్లుగ వెలువడినవి. పాశ్చాత్యులు అట్టి వానిని సంచులు గల పుస్తకముగ కుట్టి ఆల్బమనిరి. పుస్తకము పోయినను ఆ పేరు నేటి కంప్యూటరు తెరపైన కూడ మిగిలినది.

1948లో కొలంబియా కంపెనీ వారి లాంగ్‌ప్లే రికార్డు, 1935 నాటి జర్మను మాగ్నెటోఫోను టేపు, వీనికి వేరే చరిత్రలు గలవు. మన గృహములలో విప్లవము తెచ్చినది మాత్రము 1963లో ఫిలిప్సు వారు వెలువరించిన క్యాసెట్టు. అంతవరకు ఇల్లాలు పాటను కొనుక్కొనెడిది. ఇక తానే రికార్డు చేయగలిగినది. పెండ్లి పాటలు, అమ్మమ్మల మంగళహారతులు, రేడియోలో వచ్చిన సంగీతరూపకములు ఇంటింట నిలువచేరినవి. ఆ క్యాసెట్లను విదేశములకు వెళ్లిన పిల్లలు ఆవకాయ జాడీలతోపాటు తీసికొనిపోయిరి. అయితే ఒకే టేపుపై చెరిపి మరల రికార్డు చేయు సౌలభ్యమే దాని శాపమైనది. ఇది గృహస్థుల దోషమే కాదు. టేపు ఖరీదైన కాలమున ప్రసార సంస్థలును ఆ పని చేసినవి.

1982లో జపానులో విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని అంకెలుగ మార్చినది. సెకనుకు 44,100 మారులు కొలుచుట, ప్రతి కొలతను 16 బిట్లలో వ్రాయుట, ఎడమకు కుడికి వేరువేరుగ వ్రాయుట, ఇదియే దాని మర్మము. ఈ లెక్కన నిమిషపు సంగీతమునకు కోటి బైట్లకు పైగ పట్టును. 1956లో ఐ.బి.యం. వారు నిర్మించిన మొదటి హార్డుడిస్కు యంత్రములో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు ఏబది ఉండెను. దాని సామర్థ్యము 50 లక్షల అక్షరములు. అందులో నేటి పాట అర నిమిషమైనను నిలువదు!

స్థలము అరుదైన రోజులలో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు చెవికి అందని భాగములను విడిచిపెట్టి పాటను కుదించు ఉపాయమును రూపొందించిరి. 1995లో దానికి ఎంపీత్రీ అను పేరు స్థిరపడినది. సాధారణపు కుదింపులో పాట పదునొకండవ వంతునకు తగ్గును. 2001లో ఆపిల్ వారి ఐపాడ్ వేయి పాటలు జేబులో పెట్టుకొనవచ్చునని చాటినది ఈ బలముననే. అదే సంవత్సరమున జోష్ కోల్సన్ అను ఆయన ఫ్లాక్ అను మరియొక పద్ధతిని పూర్తిచేసెను. ఫ్లాక్ పట్టుచీరను మడతపెట్టి పెట్టెలో ఉంచుటవంటిది. విప్పినచో చీర చీరగనే యుండును, స్థలము మాత్రము సగముతో సరిపోవును. ఎంపీత్రీ లోపలి కొంగును కత్తిరించుటవంటిది. కట్టుకొన్నప్పుడు కనబడకపోవచ్చును, తిరిగి అతుకుట మాత్రము అసాధ్యము. తాళ్లపాక రేకులలో వరుస పట్టకపోయినట్లే, కత్తిరించిన ఫైలులో పాట అంతయు పట్టదు.

ఈనాడు 500 కాంపాక్టు డిస్కుల సంగీతము ఫ్లాక్ రూపమున ఇంచుమించు 175 జి.బి.లో ఇముడును. అంతకు ఐదారురెట్లు పట్టు డిస్కు సామాన్య గృహస్థునకు అందుబాటులో ఉన్నది. కాబట్టి స్థలము ఆదాచేయుటకై పాటను తెగకోయవలసిన కారణము ఇంటిలో లేదు. ప్రశ్న ఎచట ఉంచవలెననునదే. రెండు డిస్కులు గల చిన్న సర్వరును ఇంటిలో పెట్టుకొని గదిగదికి వినువారున్నారు. ఒక డిస్కు చెడినను రెండవది నిలుచును. ఈ విధానమునకు 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పండితులు రెయిడ్ అని పేరిడిరి. ఇంటిలో నలుగురు నాలుగుచోట్ల వినునట్లయిన అది బాగుగనే యుండును. కాని పొరపాటున చెరిపిన ఫైలు రెండింటను ఒకేసారి చెరిగిపోవును. దొంగ వచ్చినచో రెండింటిని కలిపియే ఎత్తుకొనిపోవును. మనమే కాల్చుకొన్న డిస్కులలో రంగుపూత క్రమముగ పాడగును. ఘనస్థితి డిస్కు వేగమైనదే, కాని విద్యుత్తు లేకుండ ఏండ్ల తరబడి బీరువాలో మూలపెట్టుటకు తగదు.

అంతర్జాలమున ఎవరికో అప్పగించుట సుఖమైన మార్గము. కాని మైస్పేస్ అను ప్రసిద్ధ సంస్థ 2003 నుండి 2015 వరకు జనులు చేర్చిన సంగీతమును సర్వర్లు మార్చుటలో పోగొట్టినదని 2019లో తెలియవచ్చెను. అది కోట్ల పాటల నష్టము. వేరే ప్రతి ఉంచుకొనని గాయకులకు తమ పాట తమకే లేకపోయెను.

మేము మాస్టారుగారికి సర్వరు కొనుమని చెప్పలేదు. ఒక్కరు వినునింటికి రెండు మామూలు బయటి డిస్కులు చాలును. ఒకటి తమ ఇంట, రెండవది వరంగల్లులోని కుమార్తె ఇంట ఉంచి, సంక్రాంతికి దసరాకు మార్చుకొనుడని చెప్పితిమి. మూడవ ప్రతి అంతర్జాలమున ఉండవచ్చును, అదియే ఆధారము కారాదు. క్యాసెట్లను కూడ పారవేయవలదంటిమి.

అప్పుడు వారు అసలు సంగతి బయటపెట్టిరి. కీర్తిశేషురాలైన వారి సతీమణి పాడిన మంగళహారతి ఒకటి ఆ క్యాసెట్లలో ఎందులోనో ఉన్నది. కుమారుడు చేసిన ప్రతి డిస్కుతో పోయినది. క్యాసెట్లలో చాలవాటికి చీటీలు లేవు. మేము మధ్యాహ్నమంతయు కూర్చుండి ఒక్కొక్కటి వింటిమి. పదునొకండవ క్యాసెట్టు రెండవ వైపున, ఒక నాటకపు ముగింపు తరువాత, కుక్కరు కూతయు వెనుక రేడియో వార్తలును వినబడుచుండగా ఆమె కంఠము వచ్చెను. రెండు నిమిషముల నలుబది సెకండ్లు. మాస్టారుగారు కండ్లజోడు తీసి బల్లపై పెట్టిరి.

పాటను ఫ్లాక్‌గ ప్రతి తీసితిమి. ఫైలుకు పేరేమి పెట్టవలెనని అడుగగా, వ్రాసినది చెరుగవచ్చునేమో, తామే పలికెదమనిరి. స్టూడియోలో మైకు ముందు కూర్చుండి ఆమె పేరు, ఊరు, 1987 అను సంవత్సరము చెప్పి, కొంచెమాగి, పాట మొదలుపెట్టుడని మాకు చేయి చూపిరి.