కిడ్నీ జబ్బున్న పిల్లల్లో వినికిడి లోపం

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్న పిల్లల్లో కొందరికి లోపలి చెవి దెబ్బతిని వినికిడి తగ్గుతుంది. సాధారణంగా రెండు చెవులకూ వస్తుంది, ముందు కీచు శబ్దాలు వినపడటం తగ్గుతుంది. మూడు నెలలకు మించి కిడ్నీల పనిలోగాని, నిర్మాణంలోగాని లోపం కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. తెలుగునాట కిడ్నీ జబ్బనగానే ఉద్దానం ప్రాంతం గుర్తుకొస్తుంది గాని, అక్కడ జబ్బు పడేది ఎక్కువగా పెద్దవాళ్లు. పిల్లల్లో ప్రధాన కారణం పుట్టుకతోనే కిడ్నీలు, మూత్రనాళాలు సరిగా ఏర్పడకపోవడం. వంశపారంపర్య జబ్బులు మరో కారణం.

చెవికీ కిడ్నీకీ చుట్టరికం

లోపలి చెవిలో స్ట్రియా వాస్కులారిస్ అనే పొర ఉంటుంది. లవణాలను అటూ ఇటూ చేరవేసి అక్కడి ద్రవంలో పొటాషియం తగ్గకుండా చూడటం దాని పని. కిడ్నీలోని సన్నని గొట్టాల కణాలూ ఇలాగే లవణాలను మోస్తాయి. అందుకే కొన్ని జన్యులోపాలు, కొన్ని మందులు రెండింటినీ దెబ్బతీస్తాయి.

ఈ జన్యులోపాల్లో పేరున్నది 1927లో ఆర్థర్ సెసిల్ ఆల్పోర్ట్ వర్ణించిన ఆల్పోర్ట్ సిండ్రోమ్. కిడ్నీ వడపోత పొరకూ చెవిలోని పొరలకూ కావలసిన నాలుగో రకం కొల్లాజెన్ ఇందులో సరిగా తయారవదు. మూత్రంలో కంటికి కనపడని రక్తం చిన్నప్పుడే మొదలవుతుంది, చెవుడు మాత్రం బడి వయసులోగాని బయటపడదు. ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి తల్లి నుంచి వచ్చి మగపిల్లలను గట్టిగా పట్టుకుంటుంది. ఆల్పోర్ట్ అనుమానం ఉంటే పిల్లవాడి మేనమామకు చిన్న వయసులోనే కిడ్నీలు చెడిపోయాయా, చెవుడొచ్చిందా అని మొదటి రోజే అడగాలి. జబ్బున్న మేనమామ, అదే లోపాన్ని మోస్తున్న మేనకోడలిని చేసుకుంటే వాళ్ల ఆడపిల్లకు లోపం రెండు వైపుల నుంచీ రావచ్చు.

కిడ్నీ గొట్టాలు ఆమ్లాన్ని బయటికి పంపలేని డిస్టల్ రీనల్ ట్యూబులార్ అసిడోసిస్‌లో కొన్ని రకాలకు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందాలి. అందుకని దగ్గరి సంబంధాల్లో వీటికి అవకాశం ఎక్కువ. బిడ్డ ఎదగదు, కాళ్లు వంగుతాయి, చెవుడుంటుంది. క్షారపు మందులతో ఎదుగుదల కుదుటపడుతుంది గాని వినికిడి తిరిగి రాదు. చెవి ముందర సన్నని రంధ్రమో మెడ పక్కన చీము కారే బెజ్జమో ఉంటే బ్రాంకియో-ఓటో-రీనల్ సిండ్రోమ్‌ను అనుమానించాలి.

మనం ఆపగలిగిన కారణం మందులు. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ నీరసించినప్పుడు అవి ఒంట్లో నిలిచిపోయి చెవిలోని రోమకణాలను చంపుతాయి, ఆ కణాలు మళ్లీ మొలవవు. వాపు దిగడానికిచ్చే ఫ్యూరోసెమైడ్ తోడైతే ముప్పు పెరుగుతుంది. ప్రాణాపాయంలో ఈ మందులు వాడక తప్పకపోవచ్చు. అప్పుడు క్రియాటినిన్‌ను బట్టి మోతాదు తగ్గించాలి, లేదా డోసుకూ డోసుకూ మధ్య వ్యవధి పెంచాలి. ఇక డయాలసిస్ వల్లే చెవుడొస్తుందా అన్న విషయంలో పరిశోధనలు ఒక్క మాట మీద లేవు.

గుర్తించడం

పుట్టినప్పుడు వినికిడి పరీక్ష బాగానే వచ్చిందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పిల్లవాడు పిలిస్తే పలుకుతాడు గాని స, శ, చ వంటి హల్లులు జారిపోయి చెప్పింది మరోలా అర్థమవుతుంది. టీచర్ దాన్ని పరధ్యానం అనుకుంటారు. సుమారు అయిదేళ్లు దాటిన పిల్లలకు హెడ్‌ఫోన్లు పెట్టి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేస్తారు, పసివాళ్లకు నిద్రలో, శబ్దానికి మెదడు స్పందనను చూసే బెరా పరీక్ష. చీము కారే చెవి సంగతి వేరు, అది చాలామటుకు నయమవుతుంది.

వైద్యం ఎక్కడ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

తెలంగాణలో 2016 అక్టోబర్ 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పెద్ద వైద్యానికి వరంగల్ ఎంజీఎం, ఆపైన హైదరాబాద్ నిలోఫర్, నిమ్స్. చెవికి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి. కిడ్నీకి ఒక చోట, చెవికి మరో చోట తిరగాల్సినప్పుడు ఆడియోగ్రామ్ కూడా కిడ్నీ ఫైల్లోనే ఉండటం మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకొచ్చి 18 ఏళ్ల లోపు పిల్లలను చూస్తాయి. కిడ్నీ జబ్బున్న పిల్లల పేర్లు వాళ్లకు ముందే అందితే ఏటా చెవి పరీక్ష చేయించడం కష్టం కాదు.

ఇక చికిత్స సంగతి. ఆల్పోర్ట్‌లో కిడ్నీ మార్పిడి జరిగినా పోయిన వినికిడి తిరిగి రాదు. వినికిడి యంత్రం బాగా ఉపయోగపడుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి పరీక్షలు, యంత్రాల అమరిక ఉన్నాయి. డయాలసిస్, పసిపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీ పరిధిలోవే.