స్పీకరుకు రెండు జతల వైర్లు కావాలా?

గుడియాత్తం గంగమ్మ సిరసు పండగ అనగానే వీధి పొడుగునా కట్టిన హారన్లు మనకు గుర్తొస్తాయి. నెమిలి, వేలూరు వైపు తిరునాళ్లలోనూ అంతే. అంత దూరానికి మైకుసెట్టువాళ్లు సన్న వైరే లాగుతారు. 100 వోల్టుల లైను, ప్రతి హారనుకూ ఒక ట్రాన్స్‌ఫార్మరు. వోల్టేజి పెరిగితే కరెంటు తగ్గుతుంది, వైరులో నష్టమూ తగ్గుతుంది. వైరు లెక్క మనవాళ్లు నేర్చింది అక్కడే.

ఇంటి స్పీకరు దారి వేరు. 1925లో అమెరికా ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ చూపిన కదిలే కాయిలు దీనికి మూలం. తర్వాత బేస్‌కు వూఫరు, సన్న స్వరాలకు ట్వీటరు విడిపోయి, మధ్యలో క్రాసోవరు చేరింది. 1980ల నుంచి పెట్టె వెనక రెండు జతల టెర్మినళ్లు పెట్టి, వాటిని కలిపే రేకు తీసేసి, రెండు జతల వైర్లు వేయమన్నారు. అదే బై-వైరింగ్.

బేస్ కరెంటు ఒక దారిన, సన్న స్వరాల కరెంటు మరో దారిన పోతాయన్నది నిజమే. కానీ 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పోనూ రానూ కలిపి, సుమారు 0.07 ఓములే. స్పీకరేమో 8 ఓములు. నూటికి ఒక వంతు కూడా లేనిదాన్ని విడదీస్తే చెవికి ఏం తెలుస్తుంది? సంఘంలో అడుగుతున్నవారికి మా మాట: ఆ డబ్బుతో ఒకే జత మందం వైరు కొనండి, స్పీకరును గోడమూల నుంచి కాస్త జరపండి. ఒక్క జతే వేసేటప్పుడు మాత్రం రేకు తీయకండి, వూఫరో ట్వీటరో మూగబోతుంది.